మసి పట్టు ఫిల్టరు – కొండదారి లారీ

శృంగవరపుకోట దాటిన పిదప అరకులోయకు పోవు మార్గము అనంతగిరి కొండలమీదుగా మలుపులు తిరుగుచు పైకెక్కును. ఆ యెక్కుడులో పాత లారీ వెనుక చిక్కుకొన్నవారికి నల్లని పొగ పీల్చుట తప్పదు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 నిబంధనలు దేశమంతటను అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి తయారగు డీజిల్ లారీల పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరును సాధారణముగా అమర్చుచున్నారు. ఇక పొగ బాధ తీరినట్లేనని తలచువారు కలరు. ఇల్లలకగానే పండుగ కాదు.

ఈ ఫిల్టరు తేనెపట్టువలె సన్నని గదులు గల పింగాణీ దిమ్మ. గదుల గోడల సూక్ష్మరంధ్రముల గుండా వాయువు బయటకు పోవును. మసి లోపల నిలిచిపోవును. మసి నిండినకొలది వాయువునకు దారి తగ్గి ఇంజను ఆయాసపడును. కనుక ఆ మసిని అక్కడనే కాల్చివేయవలెను. దీనినే రీజనరేషన్ అందురు.

బరువుతో కొండ యెక్కునపుడు పొగవాయువు బాగుగా వేడెక్కును. సుమారు 250 నుండి 400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నైట్రోజన్ డయాక్సైడు మసిని మెల్లగా కాల్చును. డ్రైవరునకు ఆ సంగతియే తెలియదు. దిగునపుడు యాక్సిలరేటరుపై కాలుండదు, వాయువు చల్లబడును. సంతలో ఇంజను ఊరక నడచుచున్నను అంతే. అప్పుడు కంప్యూటరు అదనపు డీజిలును పంపి వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచును. ఆ కొంతసేపు ఇంజను శబ్దము మారవచ్చును, డీజిలు ఎక్కువ ఖర్చగును. అది చెడిపోయినదని భ్రమపడి మాటిమాటికి ఇంజను ఆపినచో మసి పేరుకొనును. తుదకు ఇంజను తన్నుతాను కాపాడుకొనుటకై శక్తిని తగ్గించుకొనును. నిండు బరువుతో ఘాట్ మలుపున శక్తి తగ్గుట ఎంతటి అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున హెచ్చరిక దీపము వెలిగినచో తాత్సారము తగదు. సమతలమైన ఆరుబయట బండి నిలిపి, మీట నొక్కి, పని ముగియువరకు వేచియుండవలెను. ఎండుగడ్డిపైనను, రాలిన ఆకులపైనను నిలుపరాదు. ఆ వేడికి అవి అంటుకొని కార్చిచ్చు రేగవచ్చును. డీజిలు ఆదాయెనని దిగుడులో గేరు తీసివేయుట మరింత ప్రమాదము. బ్రేకులు కాగి పట్టు తప్పును.

మసి కాలినను బూడిద మిగులును. దానిని వర్కుషాపులో శుభ్రపరచవలెను. ఈ బాధలు పడలేక ఫిల్టరునే పీకివేయువారు కలరు. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. పీకివేసిన ఫిల్టరు ఆపవలసిన మసి ఎవరి ఊపిరిలోనికి పోవును? కావడి భుజాన వేసుకొని సంతకు నడచిపోవు గిరిజనుని ఊపిరిలోనికే.

మన విద్యార్థులలో లారీ వృత్తిపై బ్రదుకు కుటుంబములవారు కలరు. వారు ఈ నాలుగు మాటలు ఇంట చెప్పినచో మా శ్రమ ఫలించినట్లే.