ఉరి అడిగేవాళ్లకు నాంపల్లి నుంచి కొన్ని మాటలు

నా వకీలు జీవితమంతా నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనే గడిచింది. ఎక్కువగా ముద్దాయిల తరఫున, కొన్నాళ్లు ప్రభుత్వం తరఫున. ఇప్పుడు పేషీలకు వెళ్లడం మానేశాను. ఇల్లు అబిడ్స్‌లోనే కనుక సాయంత్రాలు జూనియర్లు వస్తుంటారు. కాలేజీ పిల్లల దగ్గర డ్రగ్స్ దొరికాయని పేపర్లో వచ్చిన ప్రతిసారీ వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సింగపూర్‌లో లాగా ఉరి పెడితే ఒక్కడైనా అమ్ముతాడా?" మంచి మనసుతోనే అడుగుతారు. పిల్లలు కళ్లముందే పాడైపోతుంటే కడుపు మండనివాళ్లు ఎవరుంటారు? వాళ్లకు విడివిడిగా చెప్పినవే ఇక్కడ వరుసపెట్టి రాస్తున్నాను.

1. ముందు చట్టం చదవండి

ఉరి మన చట్టంలో లేదనుకుని వాదించేవాళ్లే ఎక్కువ. ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. 1989 సవరణతో అందులో 31ఏ సెక్షన్ చేరింది. ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ భారీ మోతాదుతో దొరికి నేరం రుజువైతే ఉరి తప్ప మరో శిక్ష లేదని రాశారు. జడ్జికి ఆలోచించే వీలే ఇవ్వని ఆ నిబంధనను 2011లో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. ఉరా, జైలా అన్నది జడ్జి విచక్షణకే వదలాలంది. 2014లో పార్లమెంటు కూడా చట్టాన్ని ఆ ప్రకారమే మార్చింది. కింది కోర్టులు ఉరిశిక్ష వేసిన కేసులు ఉన్నాయి కానీ, మత్తుమందు నేరానికి మన దేశంలో ఇంతవరకు ఎవరినీ ఉరితీయలేదు.

ఆ సెక్షన్‌లోని పట్టిక కూడా చూడండి. నల్లమందు 10 కిలోలు, హెరాయిన్ కిలో, కొకైన్ 500 గ్రాములు, చరస్ 20 కిలోలు, ఇంకా కొన్ని. గంజాయి అందులో లేదు. కల్లులో కలిపే అల్ప్రాజోలం కూడా లేదు. నేను నాంపల్లిలో చూసిన కేసుల్లో చాలా భాగం గంజాయివే. టీవీ చర్చల్లో అంత గట్టిగా అడిగే ఉరి ఆ కేసుల గుమ్మం కూడా తొక్కదు.

2. దొరికే చేతులు వేరు, సంపాదించే చేతులు వేరు

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన సంగతి, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

సీలేరు చుట్టుపక్కల కొండల్లో, అవతల ఒడిశాలో మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు పండిన సరుకు భద్రాచలం దారిన, హైదరాబాద్ మీదుగా మహారాష్ట్రకు పోతుంది. దారిలో దొరికేదెవరు? ట్రిప్పుకు ఇంత అని ఒప్పుకున్న డ్రైవరు, సంచి మోసిన కూలీ, అనుమానం రాకుండా చంకలో బిడ్డతో రైలెక్కించిన ఆడమనిషి. కొండమీది గిరిజన రైతుకు విత్తనం ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి పంట పెట్టించినవాడు ఛార్జిషీటులో "పరారీలో ఉన్న ముద్దాయి" అన్న ఒక్క మాటలో మిగిలిపోతాడు. చాలా కేసుల్లో ఆ మాట చివరిదాకా అలాగే ఉండిపోతుంది.

20 కిలోల గంజాయి దాటితే వాణిజ్య మోతాదు. 10 నుంచి 20 ఏళ్ల జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. 37వ సెక్షన్ పుణ్యాన బెయిలు రావడం గగనం. తీర్పు రాకముందే చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో ఏళ్లు గడిచిపోతాయి. ఇది చిన్న శిక్షా? ఇంత శిక్ష ఉన్నా సంచి మోయడానికి మనుషులు దొరుకుతూనే ఉన్నారు. మోసేవాడు శిక్షల పట్టిక చూసి బయల్దేరడు. అప్పు తీర్చాలి, ఇంట్లో పెళ్లి ఉంది, ఒక్కసారే కదా అనుకుంటాడు.

మా వాళ్లలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఉరిని తెచ్చిన ఆ 1989 సవరణే చట్టంలో 5ఏ అధ్యాయాన్ని కూడా తెచ్చింది. మత్తుమందు వ్యాపారంతో సంపాదించిన ఇళ్లు, భూములు, బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసి జప్తు చేసే అధికారం అది. పై చేతిని పట్టేది ఆ అధ్యాయం. పట్టుబడినవాడు దర్యాప్తు అధికారి దగ్గర చెప్పిన మాటను ఒప్పుకోలుగా వాడకూడదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక కూలీ నోటి మాటతో యజమానిని బోనెక్కించడం కుదరదు. ఫోన్ల లెక్కలు, డబ్బు వెళ్లిన దారి ఒక్కొక్కటీ పట్టి తీసుకురావాలి. ఓపికతో చేసే పని అది, కెమెరాలకు కనిపించదు. ఉరి కోసం పెట్టే గొంతులో నాలుగో వంతు ఈ జప్తుల కోసం పెట్టినా ఎంతో జరిగేది.

3. కేసు ప్రాణమంతా పంచనామాలో ఉంటుంది

చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. ఆకు, గింజ విడిగా ఉంటే లెక్కలోకి రావు. 21 కిలోల మూటలో కాడలు, ఆకులు ఎన్ని? వాటిని తీసేస్తే 20 కిలోల గీత పైన ఉంటుందా, కింద ఉంటుందా? ఒక మనిషి జీవితంలో పదేళ్లు ఈ ప్రశ్న మీద ఆధారపడతాయి. హెరాయిన్ లాంటి వాటికి లెక్క మరోలా ఉంటుంది. కలిపిన పొడి బరువు కూడా మోతాదులోకి వస్తుందని 2020లో హీరా సింగ్ తీర్పు చెప్పింది.

ఒంటిమీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి ఎదుటనో, మేజిస్ట్రేటు ఎదుటనో సోదా కోరే హక్కు ఉందని మనిషికి చెప్పాలి. 50వ సెక్షన్ అది. సమాచారం రాగానే రాసిపెట్టి పై అధికారికి పంపాలి. శాంపిళ్లు 52ఏ ప్రకారం మేజిస్ట్రేటు ముందు తీయాలి. సీలు చెదరకుండా రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌ఎస్‌ఎల్‌కు చేరాలి. వీటిలో ఒక్కటి తప్పినా కేసు కూలిపోవచ్చు, కూలాలి కూడా. శిక్ష ఎంత పెరిగితే జడ్జి అంత గట్టి రుజువు అడుగుతాడు. ఒకే మనిషిని నాలుగైదు కేసుల్లో పంచుగా పెట్టి, ఒకే వాక్యాలు అన్ని పంచనామాల్లో దింపి, ఆ కాగితాల మీద ఉరి అడిగితే ఏ జడ్జి వేస్తాడు? వేస్తే అంతకంటే భయంకరం.

2017 జూలైలో నాంపల్లి ఆబ్కారీ భవన్ ముందు రోజుల తరబడి కెమెరాలు నిలబడ్డాయి. సిట్ అధికారులు సినిమావాళ్లను లోపలికి పిలిచి గంటల తరబడి ప్రశ్నించారు. ఊరంతా అదే చర్చ. ఏళ్ల తర్వాత ఆ కేసుల్లో కొన్నిటిని నాంపల్లి కోర్టే సాక్ష్యం చాలదని కొట్టేసింది. ఆ రోజుల్లో ఉరి అడిగినవాళ్లు ఎవరిని ఉరితీయమన్నారో ఒకసారి నెమ్మదిగా ఆలోచించాలి.

4. ఈ ఊరు తప్పు మనిషిని పట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పాతబస్తీ కుర్రాళ్లు చాలామందిని పట్టుకెళ్లి కేసులు పెట్టారు. ఆ కేసులు కోర్టులో నిలబడలేదు. దర్యాప్తు మరో దిక్కుకు తిరిగి, వేరే మనుషులు ముద్దాయిలయ్యారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు వాళ్లను కూడా నిర్దోషులని వదిలేసింది. ప్రార్థనకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు న్యాయం దొరకలేదు. జైలుకెళ్లి వచ్చిన కుర్రాళ్లకు పోయిన వయసు తిరిగి రాలేదు. వాళ్లు బతికి ఉన్నారు కాబట్టి కనీసం ఇంటికి వెళ్లగలిగారు.

5. ఒకే ఫైలు, ఇద్దరు రాష్ట్రపతులు

1993 మార్చి 8 రాత్రి చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి వెళ్లిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. అంతకంటే ఘోరం ఏముంటుంది? గుంటూరు కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చి ఆఖరున ఉరికి తేదీ కూడా పెట్టారు. చివరి ఘడియల్లో స్టే వచ్చింది. మళ్లీ అర్జీ వెళ్లింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

నేరం, సాక్ష్యం, మనుషులు ఏదీ మారలేదు. సంతకం పెట్టే చెయ్యి ఒక్కటే మారింది. ఆ ఇద్దరూ పేద దళిత యువకులు. హక్కుల సంఘాలు, కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు వెంటపడకపోతే ఆ రెండో అర్జీ చదివేవాళ్లే ఉండేవారు కాదు. అంతకుముందు 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీలో, ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ రైతుకూలీ పోరాటకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. వాళ్ల కోసం ఎంత తిరిగినా ఆగలేదు. ఆ జైలున్న స్థలంలోనే ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. నేను చూసినంతలో ఉరికంబం వరుసలో డబ్బున్నవాడు లేడు.

6. చచ్చినవాళ్ల తల్లిదండ్రుల ముందు ఉపన్యాసాలు వద్దు

అబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో కోఠీలో గోకుల్ చాట్ ఉంది. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. 2018లో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో ఐదుగురికి 2016లో ఉరిశిక్ష వేస్తే, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అలాంటి కేసుల్లో ఉరి అడిగే తల్లికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. 2015లో ఉరి రద్దు చేయమన్న లా కమిషన్ కూడా ఉగ్రవాద నేరాలను పక్కన పెట్టింది. నా వాదన ఇంతే: ఆ తల్లి కోపాన్ని తెచ్చి సంచి మోసిన కూలీ మీద పెట్టకండి. 1980లో బచన్ సింగ్ తీర్పు అత్యంత అరుదైన కేసులకే ఉరి అంది. కొడుకును పోగొట్టుకున్న ఇంటికీ, కొడుకు గంజాయి తాగుతున్న ఇంటికీ తేడా చూడమనే ఆ మాట అర్థం.

7. తొందర

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపితే ఊరు పూలు చల్లింది. 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండేస్తుంది. అసలేం జరిగిందో కోర్టులో తేలే అవకాశం ఆ ఉదయంతో పోయింది.

8. సింగపూర్ మాట ఎత్తేవాళ్లకు

అక్కడ 15 గ్రాముల హెరాయిన్, 500 గ్రాముల గంజాయి దాటితే ఉరి. 2022 ఏప్రిల్‌లో 42.72 గ్రాముల హెరాయిన్ మోసిన తమిళ మూలాల మలేసియా యువకుడిని ఉరితీశారు. అతని ఐక్యూ 69 అని పరీక్షల్లో తేలింది. సరుకు పంపినవాడిని కాదు, మోసినవాడినే. మన తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన మలేసియా మాత్రం 2023లో తప్పనిసరి ఉరిని తీసేసి జడ్జికి విచక్షణ ఇచ్చింది.

9. ఇంట్లో పిల్లాడు వాడుతున్నాడని తెలిస్తే

ఇది చర్చ కాదు, వకీలుగా నేను ఇచ్చే సలహా. తెలంగాణలో మత్తు ఎంత లోతుగా పాతుకుపోయిందో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. కల్లు దుకాణాలు మూతపడగానే, అందులో కలిపే మందుకు అలవాటుపడినవాళ్లు వణుకుతూ, ఫిట్స్‌తో ఎర్రగడ్డ ఆసుపత్రికి వరుసకట్టారు. వాళ్లకు కావలసింది డాక్టరు. చట్టం కూడా అదే అంటుంది. 64ఏ సెక్షన్ ప్రకారం, చిన్న మోతాదుతోనో, వాడినందుకో కేసులో ఇరుక్కున్నవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయకుండా పారిపోతే ఆ రక్షణ పోవచ్చు. పిల్లాడిని కొట్టి గదిలో పెట్టకండి, పరువు పోతుందని దాచకండి. 14446కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో చేర్చిన కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి. కేసు ఉంటే మొదటి వాయిదాకే మీ వకీలు చేత 64ఏ కింద అర్జీ వేయించండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ సెక్షన్ పేరు కూడా తెలియదు.