ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి బ్రాహ్మీ ముహూర్తం కుదురుతుందా?



తెల్లవారుజామున లేచి కాసేపు పూజ చేసుకోవాలని మనలో చాలామందికి ఉంటుంది. సోమవారం 4 గంటలకి అలారం పెడతాం. ఒక రోజు లేస్తాం, రెండో రోజూ లేస్తాం. గురువారం వచ్చేసరికి అలారం ఆపేసి ముసుగు తన్ని పడుకుంటాం. ఆ తర్వాత "నాకు భక్తి తక్కువేమో" అని లోపల ఒక బాధ. అలా బాధపడకండి. చాలాసార్లు తప్పేది భక్తి కాదండి, లెక్క. ఈ రోజు ఆ లెక్క సరిచేసుకుందాం.

4 గంటలే ఎందుకు?

పగలు, రాత్రి కలిపి 30 ముహూర్తాలు. ఒక్కో ముహూర్తం 48 నిమిషాలు. సూర్యోదయానికి ముందున్న రెండు ముహూర్తాల్లో మొదటిది బ్రాహ్మీ ముహూర్తం. అంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై, 48 నిమిషాల ముందు ముగుస్తుంది. దీనికి గడియారంలో స్థిరమైన టైం లేదు, సూర్యుడితో పాటు జరుగుతూ ఉంటుంది.

మన ఏలూరునే తీసుకోండి. జూన్ మొదట్లో సుమారు 5:30కే సూర్యోదయం. కాబట్టి బ్రాహ్మీ ముహూర్తం 4 గంటలకు కాస్త ముందే మొదలవుతుంది. అదే సంక్రాంతి రోజుల్లో సూర్యోదయం 6:35 దాటాకే. అప్పుడు 5 గంటలకి లేచినా మీరు బ్రాహ్మీ ముహూర్తంలో లేచినట్టే! ఒకే నియమం, గంటకి పైగా తేడా.

ఇప్పుడు మన పెద్దల తెలివి చూడండి. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు ధనుర్మాసం. తెల్లవారకముందే స్నానం, గుడి, 30 రోజుల తిరుప్పావై. ఏడాదిలో రాత్రి అన్నిటికంటే పొడుగ్గా ఉండేది ఆ రోజుల్లోనే, సూర్యోదయం ఆలస్యమయ్యేదీ అప్పుడే. చలి ఉంటుంది నిజమే, కానీ నిద్రకి లోటు రాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి కాలం లేదు. మనమేమో ఎండాకాలంలో 4 గంటలతో మొదలుపెట్టి ఓడిపోతున్నాం.

నిద్ర తగ్గించుకుని చేసేది సాధన కాదు

తాడేపల్లిగూడెం నుంచో, ఏలూరు నుంచో రోజూ విజయవాడకి సీజన్ టికెట్ మీద వెళ్ళొచ్చేవాళ్ళని అడగండి. ఏలూరు నుంచే సుమారు 60 కిలోమీటర్లు. ఇంటికి చేరి, భోజనం చేసి, ఫోన్ పక్కన పెట్టేసరికి 11. అలాంటి మనిషి 4 గంటలకి లేస్తే 5 గంటల నిద్ర. నాలుగు రోజులు నెట్టుకొస్తాడు. ఐదో రోజు హైవే మీద బండి నడుపుతూ కునుకు తీస్తే? ఇది ప్రాణాల మీదకి వచ్చే విషయం.

భగవద్గీత 6వ అధ్యాయం 16, 17 శ్లోకాలు తీసి చూడండి. అతిగా నిద్రపోయేవాడికే కాదు, అతిగా మేలుకునేవాడికీ యోగం కుదరదని స్వామి చెప్పాడు. తిండి, నిద్ర, పని, మెలకువ అన్నీ మితంగా ఉండాలన్నాడు. అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ వాగ్భటుడు కూడా బ్రాహ్మీ ముహూర్తంలో లేవమన్నది ఆరోగ్యంగా ఉన్నవాడిని. నైట్ షిఫ్ట్ చేసి 2 గంటలకి ఇల్లు చేరేవాళ్ళు, పసిపిల్లల తల్లులు, ఒంట్లో బాగోలేనివాళ్ళు ముందు సరిపడా నిద్రపోండి. లేచి స్నానం చేశాక పెట్టే దీపాన్నీ దేవుడు తీసుకుంటాడు.

కొల్లేటి రైతు నేర్పే పాఠం

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల దగ్గర ఒక సంగతి ఉంది. రాత్రంతా చేపలు, నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. ఎండ లేదు కాబట్టి కొత్తగా తయారవదు. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి ఏరేటర్లు తిరగాలి. లేకపోతే నెలల కష్టం ఒక్క తెల్లవారుజామున పోతుంది.

ఆ వేళకి రైతు "ఈ రోజు మూడ్ లేదు" అనుకోలేడు. ఇంకో ముఖ్యమైన మాట: మోటారు పనిచేస్తుందో లేదో అతను సాయంత్రమే చూసుకోవాలి. చేపలు తేలాక రిపేరు మొదలుపెడితే లాభం లేదు. మన పూజా అంతే. తెల్లవారుజాము ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది.

రాత్రి చేయాల్సినవి

1. కుందిలో వత్తి వేసి, నూనె సీసా, అగ్గిపెట్టె పక్కనే పెట్టండి.
2. ఆఫీసు బట్టలు తీసిపెట్టండి. క్యారేజీకి కూరగాయలు తరిగి ఉంచండి.
3. భోజనం పెందలాడే ముగించండి.
4. ఫోన్ ఛార్జింగ్ మంచానికి దూరంగా పెట్టండి. అలారం ఆపాలంటే లేచి నడవాలి!
5. లేవాల్సిన టైం నుంచి 7 గంటలు వెనక్కి లెక్కపెట్టండి. 5 గంటలకి లేవాలంటే 10 గంటలకి లైట్ ఆరిపోవాలి.

ఉదయం అరగంట

లేవగానే అరచేతులు చూసుకుని దేవుణ్ణి తలుచుకోండి, 1 నిమిషం. స్నానం, 10 నిమిషాలు. దీపం పెట్టి నమస్కారం, 4 నిమిషాలు. ఇష్టదైవం నామజపం 108 సార్లు, 10 నిమిషాలు. గీతలో ఒక్క శ్లోకం అర్థంతో, 5 నిమిషాలు. మొత్తం 30 నిమిషాలు. అంత కుదరని రోజు దీపం, 11 సార్లు నామం చాలు. తక్కువైనా ఫరవాలేదు, మానేయొద్దు.

ఒక్కసారిగా దూకకండి

ఇప్పుడు 6:30కి లేస్తుంటే వారానికి 15 నిమిషాలు ముందుకి జరపండి. 6 వారాల్లో 5 గంటలకి వస్తారు. కార్తీకమాసం మొదట్లో ప్రారంభిస్తే దాదాపు ధనుర్మాసానికి అలవాటు కుదురుతుంది. ఆదివారం కూడా అదే టైంకి లేవండి. ఆ రోజు ఆఫీసు ఉండదు కాబట్టి కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికో, ద్వారకా తిరుమల చిన వెంకన్న దగ్గరికో పొద్దున్నే బయల్దేరవచ్చు. లేవడానికి ఒక కారణం ఉంటే అలారం అక్కర్లేదు.

రేపు ఎన్నింటికి లేవాలా అని ఈ రాత్రి ఆలోచించకండి. కుందిలో వత్తి వేసి, ఫోన్ దూరంగా పెట్టి, ఒక్క పావుగంట ముందు పడుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

శుభం భూయాత్.