బ్రూనో పళ్ళ సంగతి

తాడేపల్లిగూడెం

చిరంజీవి కిరణ్‌కి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నీ ముంజేతి మీద మీ కుక్కపిల్ల బ్రూనో పెట్టిన గీతలు, లావణ్య చున్నీకి పడ్డ చిల్లులు, సోఫా ఎక్కి దిగనంటున్న పాప. నవ్వుకుంటూనే చూశాను గానీ, కింద నువ్వు రాసిన "వీణ్ణి తిరిగి ఇచ్చేద్దామా పెద్దమ్మా" అన్న ముక్క చదివాక నవ్వు ఆగింది. ఫోనులో చెబితే నీకు సగం ఎక్కుతుంది, లావణ్యకి అందులో సగం చేరుతుంది. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

ముందు నీ చేతి సంగతి. బ్రూనోకి ఇంకా మూడు నెలలు నిండలేదు, అంటే రేబిస్ టీకా పడలేదు. పిల్లకుక్కే కదా అని తేలిగ్గా తీసుకోకు. కుక్కపిల్లలకీ రేబిస్ వస్తుంది. పన్ను గీరుకుని చర్మం లేచిందంటే వెంటనే కుళాయి నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ అద్దొద్దు. కడిగాక డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తం రాకుండా గీరుకుపోయినా టీకా వేయించుకోవాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. బొడ్డు చుట్టూ సూదులు పొడిచే రోజులు పోయాయి. చేతి చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటిరోజు ఒకసారి, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. మీ హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో ఈ టీకా దొరుకుతుంది. రేపు పొద్దున్నే వెళ్ళు. బ్రూనోకి మూడు నెలలు నిండగానే వాడికీ టీకా వేయించు.

ఇక వాడి సంగతి. వాడికి నీ మీద కోపం లేదు, పొగరూ లేదు. కుక్కపిల్ల నోట్లో 28 పాలపళ్ళు ఉంటాయి. దవడలో ఇంకా బలం ఉండదు గానీ ఆ పళ్ళు మాత్రం సూదుల్లా ఉంటాయి. తోడబుట్టిన పిల్లలతో కలబడి ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్‌మని అరిచి ఆట మానేస్తుంది. తల్లి కూడా పాలిస్తూ పాలిస్తూ లేచి వెళ్ళిపోతుంది. గట్టిగా కొరికితే ఆట పోతుంది, పాలు పోతాయి అని పిల్లకి అక్కడే తెలుస్తుంది. నీ బ్రూనోని నలభై రోజులకే తెచ్చావు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది. అమ్మినవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఇప్పుడు ఆ మాటలన్నీ తవ్వుకుని లాభం లేదు. తల్లి దగ్గర సగంలో ఆగిపోయిన పాఠం మీరు పూర్తిచేయాలి, అంతే.

పైగా వాడు లాబ్రడార్. వేటలో పడ్డ పక్షిని నలగకుండా నోట కరుచుకుని తేవడం కోసం తరతరాలుగా ఎంచి పెంచిన జాతి అది. ఏది కనబడితే అది నోట్లో పెట్టుకోవాలనిపించడం వాడి రక్తంలోనే ఉంది. అది నువ్వు మాన్పించలేవు. ఏం పట్టుకోవాలో, ఎంత మెత్తగా పట్టుకోవాలో మాత్రం నేర్పగలవు.

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా చదువు. నువ్వు అడిగింది కరవడం ఒక్కసారిగా ఎలా మాన్పించాలని. నేను చెప్పేది ముందు కాటు బరువు తగ్గించు, ఆ తర్వాత కాటే మాన్పించు అని. ఇది నా సొంత కవిత్వం కాదు. కుక్కపిల్లల శిక్షణకి పేరుపడ్డ ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న వరస ఇదే. ఎందుకంటే ఎంత మంచి కుక్కకైనా ఓపిక తప్పే రోజు ఒకటి వస్తుంది. నిద్రలో ఉండగా పాప తోక తొక్కుతుంది, లేకపోతే నొప్పిగా ఉన్న చెవి ఎవరో పట్టుకుంటారు. ఆ క్షణంలో నోరు తెరవని కుక్క ఉండదు. తన దవడ ఎంత గట్టిదో తెలిసిన కుక్క పన్ను ఆనించి వదిలేస్తుంది. తెలియని కుక్క కుట్లు పడేలా కరుస్తుంది. ఆ తెలివి ఇప్పుడు, పాలపళ్ళ వయసులోనే వస్తుంది. దవడ ముదిరాక నేర్పాలంటే నేర్పేవాళ్ళ చేతులే మిగలవు.

ఎలాగంటావా? వాడితో ఆడేటప్పుడు చేతిని మెత్తగా నోట పట్టుకుంటే మొదట్లో ఊరుకో. గట్టిగా నొక్కాడంటే "అబ్బా" అని ఒక్కసారి అను. చెయ్యి విసురుగా లాక్కోకు. లాగితే చర్మం చీరుకుపోతుంది, వాడికేమో అది ఇంకో ఆట. చెయ్యి కదపకుండా ఉంచు, వదలగానే లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వెయ్యి. అర నిమిషం చాలు. తిరిగొచ్చి ఏమీ జరగనట్టు ఆడు. మళ్ళీ నొక్కితే మళ్ళీ లే. కొన్ని పిల్లలకి మన అరుపు వింటే ఇంకా హుషారొస్తుంది. బ్రూనో అలాంటివాడైతే అరవకుండా లేచి వెళ్ళిపో. గట్టి కాట్లు పోయాక ఓ మాదిరి కాట్లకీ లేచి వెళ్ళడం మొదలుపెట్టు. ఆ తర్వాత పన్ను ఆనించినా ఆట ఆపెయ్యి. అయిదో నెల దాటేసరికి ఒంటి మీద పన్నే ఆనకూడదన్న దగ్గరికి రావాలి. పాప విషయంలో మాత్రం ఈ మెట్లేవీ లేవు. ఆ పిల్ల చెయ్యి మొదటి రోజు నుంచీ వాడి నోట్లోకి పోకూడదు.

ఈ పాఠం ఇంట్లో అందరూ ఒకేలా చెప్పాలి. నువ్వు ఆఫీసు నుంచి రాగానే చేతులతో వాడితో కుస్తీ పడతావని లావణ్య చెప్పింది. నువ్వు కరిపించుకుని నవ్వుతావు, పావుగంటకి అదే పని ఆ అమ్మాయితో చేస్తే చీవాట్లు పడతాయి. వాడికి ఏం అర్థమవుతుంది? ఒక్కోసారి పనిచేస్తుంది కాబట్టి ప్రయత్నిస్తూనే ఉండాలని అర్థమవుతుంది. కుస్తీ ఈ రోజుతో బంద్. ఆడాలనుంటే తాడు పట్టుకుని లాగులాట ఆడు. మధ్యమధ్య ఆపి "వదులు" అను, వదలగానే చిన్న తినుబండారం ముక్క పెట్టి తాడు మళ్ళీ ఇవ్వు. పనిమనిషికీ, ఊరి నుంచి వచ్చే మీ అమ్మకీ కూడా ఇదే నియమం చెప్పు.

ఎవరో ట్రైనర్ నీకు మూతి నొక్కిపట్టమనీ, వెల్లకిలా పడేసి అదమమనీ, ఇంట్లో నువ్వే పెత్తందారువని చూపించమనీ చెప్పాడట. తోడేళ్ళ గుంపులో ఒక నాయకుడు అందరినీ తొక్కిపెట్టి ఏలతాడన్న నమ్మకం నుంచి వచ్చిన సలహా అది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉన్న తోడేళ్ళని చూసి రాసిన దానిమీద ఆ నమ్మకం నిలబడింది. డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం దాన్ని లోకమంతా పాకించింది. ఆ తర్వాత ఆయనే అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూసి, గుంపంటే తల్లీ తండ్రీ వాళ్ళ పిల్లలే తప్ప పెత్తనాల కోసం కొట్లాడే ముఠా కాదని 1999లో రాశాడు. పాత మాట మాత్రం ఇంకా మన ట్రైనర్ల నోట తిరుగుతూనే ఉంది. మూతి నొక్కినా, కొట్టినా పిల్ల రెండిట్లో ఒకటి నేర్చుకుంటుంది. చెయ్యి వస్తే భయపడాలని, లేదా చెయ్యి వస్తే ముందుగా కరవాలని. గుర్రుమన్నందుకు కొడితే ఈసారి గుర్రుమనకుండా కరుస్తుంది. ఇవేవీ పాప ఉన్న ఇంట్లో పనికిరావు.

కరవడానికి వాడి వయసు ఒక్కటే కారణం కాదు, మన ఇంటి నడవడి కూడా కారణమే. ఆ వయసు పిల్ల రోజుకి పద్దెనిమిది గంటల దాకా నిద్రపోవాలి. మీ ఫ్లాట్‌లో టీవీ, బెల్లు, పిల్లలు, వచ్చిపోయే చుట్టాలు. వాడికి కన్ను మూసే వీలెక్కడ? సాయంత్రం ఏడు దాటాక పిచ్చెక్కినట్టు హాలంతా పరుగెత్తి కాళ్ళు పట్టుకుంటున్నాడని రాశావు. అది ఆట తక్కువై కాదు, నిద్ర చాలక. గంట మెలకువగా ఉంటే ఓ రెండు గంటలు పడుకునేలా చూడు. ఒక మూల చిన్న కంచె కట్టి, అందులో పరుపు వేసి, ఎవరూ కదిలించకండి. దాన్ని శిక్ష వేసే చోటుగా మాత్రం మార్చొద్దు.

కదిలే బట్ట కనబడితే పట్టుకోవడం వాడి నైజం. చున్నీ అంచు, లుంగీ అంచు, నైటీ కుచ్చిళ్ళు ఊగుతుంటే ఊరుకోడు. కొన్నాళ్ళు లావణ్యని చున్నీ చెక్కుకోమను, నువ్వు లుంగీ మడిచి కట్టుకో. పట్టుకున్నాడంటే లాగకుండా ఆగిపోయి, చేతికి దగ్గర్లో ఉంచుకున్న బొమ్మ చూపించు. ప్రతి గదిలో ఒక బొమ్మ పడేసి ఉంచు.

నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడటం మొదలై, ఏడో నెలకల్లా 42 పెద్దపళ్ళు వస్తాయి. అప్పుడు చిగుళ్ళు సలుపుతాయి, కొరకడం మళ్ళీ ఎక్కువైనట్టు కనబడుతుంది. బెంబేలెత్తకు. పాత తువ్వాలు తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వు, నువ్వు దగ్గరుండి లావుపాటి చల్లని క్యారెట్ ఇవ్వు. వండిన కోడి ఎముకలు ఎప్పుడూ వద్దు, అవి చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. పాత చెప్పు కూడా ఇవ్వకు. పాతదేదో కొత్తదేదో వాడికి తెలియదు. ఊడిన పళ్ళు మింగేస్తాడు, ఏమీ కాదు. కోరపన్ను ఊడకుండా దాని పక్కనే కొత్తది వస్తే డాక్టరుకి చూపించు.

పాపకి ఈ మాటలు నేర్పు. బ్రూనో మీదకొస్తే పరుగెత్తకూడదు, కేకలు పెట్టకూడదు, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి నాన్నని పిలవాలి. వాడు తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. ఇవి నేర్పాక కూడా ఇద్దరినీ ఒంటరిగా వదలొద్దు. స్నానానికి వెళ్తే వాణ్ణి కంచెలో పెట్టి వెళ్ళు.

ఇదంతా ఆటకాటు గురించి. ఆటలో ఒళ్ళు వదులుగా ఉంటుంది, ముందుకాళ్ళు వంచి వెనక భాగం పైకెత్తుతాడు, గుర్రుమన్నా అది ఆటలో భాగమే. అలా కాకుండా గిన్నె దగ్గర ఒళ్ళు బిగబట్టి, కదలకుండా, కళ్ళు నిలిపి చూస్తూ గుర్రుమంటే అది వేరు. ఒంటి మీద ఒకే చోట తాకితే కరుస్తుంటే నొప్పి ఉందని అర్థం. ఈ రెండిటికీ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించు. తిండి మానేసి, చొంగ కారుస్తూ, ఉన్నట్టుండి వాలకం మారితే మాత్రం ముట్టుకోకుండా గదిలో పెట్టి డాక్టరుకి ఫోను చెయ్యి.

తిరిగి ఇచ్చేద్దామా అన్నావు కదా. ఇస్తే వాణ్ణి తీసుకునేవాళ్ళూ ఇదే పాఠం మొదటినుంచి చెప్పాలి, అప్పటికి పళ్ళూ వయసూ పెరిగి ఉంటాయి. నీ దగ్గర ఇంకా రెండు మూడు నెలల మంచి సమయం ఉంది. ఒక నెల అందరూ ఒక్క పద్ధతిలో నడవండి. ఆ తర్వాత కూడా పాప సోఫా దిగకపోతే అప్పుడు ఆలోచిద్దాం, నేనే బయల్దేరి వస్తాను. టీకా చీటీ ఫోటో మాత్రం రేపు సాయంత్రానికల్లా నాకు పంపు.

లావణ్యకీ పాపకీ ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ