టర్బోచార్జరు అతుకు వద్ద పొగ కారుట: కారణములు, మరమ్మతు

అర్ధరాత్రి వేళ ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చునది అనేక గ్రామములలో ఊరి అద్దెకారే. అట్టి కార్లలోను, జీపులలోను నేడు అధికభాగము టర్బోచార్జరు గల డీజిల్ ఇంజనులతో నడచుచున్నవి. వాని బాగోగులు మెకానిక్కు సంగతి గాని మనకేల యని పంచాయతీ సభ్యులు తలపవచ్చును. కాని పంచాయతీ అద్దెకు తీసికొన్న వాహనమైనను, సభ్యుని సొంత కారైనను, మరమ్మతు బిల్లు చెల్లించువారు ఏ పనికి చెల్లించుచున్నారో యెరుగుట అవసరము. ఈ సంగతి మేము స్వానుభవమున తెలిసికొంటిమి.

మా ప్రచార వాహనము కొంతకాలము క్రిందట మిట్ట యెక్కుటకు మొరాయింప నారంభించినది. డ్రైవరు తలనొప్పి యనెను. ఎండదెబ్బ యని మేము సరిపెట్టితిమి. ఉదయము స్టార్టు చేయగనే ఇంజను ప్రక్క ‘టిక్ టిక్’ మను చప్పుడు వినవచ్చి, రెండు మైళ్లు నడచుసరికి మాయమగుచుండెను. ఒక వర్కుషాపులో అతుకు చుట్టును పేస్టు పూసి పంపిరి. పది దినములు బాగుగ నడచినది, మరల చప్పుడు. ఇట్లు మూడుసార్లు పూత, మూడు బిల్లులు. నాల్గవసారి వేరొక ముసలి మేస్త్రీ టర్బోను విప్పి, “అయ్యా, పూత పూసిన చోట జబ్బు లేదు, లోపల స్టడ్డు విరిగియున్నది, చూడుడు” అని చూపించెను. ఆ దినమున ఆయన చెప్పిన పాఠమునే మేమిచట వివరించుచున్నాము.

ఇంజను సిలిండర్ల నుండి వెలువడు వేడి పొగ వ్యర్థముగ పోకుండ, దానిచే ఒక చిన్న చక్రమును త్రిప్పించి, ఆ చక్రమునకు అదే ఇరుసుపై బిగించిన మరియొక చక్రముచే గాలిని నొక్కి ఇంజనులోనికి పంపు సాధనమే టర్బోచార్జరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ దీనికి 1905లో పేటెంటు పొందెను. కార్లలోని చిన్న టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. పొగను సిలిండర్ల నుండి ప్రోగుచేసి టర్బోకు అందించు పోత ఇనుప గొట్టమును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అందురు. ఈ రెంటి చదునైన అంచుల నడుమ లోహపు గాస్కెట్ నుంచి, సాధారణముగ మూడు లేక నాలుగు స్టడ్లపై నట్లు బిగింతురు. పొగ కారునది ఇచటనే.

ఏల కారును? వేడియే కారణము. బరువు లాగునపుడు డీజిల్ పొగ 700 డిగ్రీల సెంటిగ్రేడును దాటవచ్చును. పెట్రోలు ఇంజనులో ఇంకను హెచ్చు. అడుగున్నర పొడవు గల పోత ఇనుప మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడు మిల్లీమీటర్లు సాగును, చల్లారగనే ముడుచుకొనును. దినమునకు పదిసార్లు ఈ సాగుట, ముడుచుట జరుగుచుండగా అంచులు వంకరపోవును, స్టడ్లు సాగి వదులగును, కొన్ని విరుగును. టర్బో బరువును మోయు ఆధారపు పట్టీని ఎవరైన విప్పి మరల బిగింపక వదలినచో ఆ భారమంతయు స్టడ్లపై పడును. మా వాహనమున జరిగినదదియే. ఆ పట్టీ టూల్సు పెట్టెలో దొరకినది!

చలికి వచ్చు చప్పుడు వేడికి మాయమగుటకు హేతువు కూడ ఇందే కలదు. ఇనుము సాగి సందును తాత్కాలికముగ మూయును. దానిని చూచి నయమైనదని భ్రమింపరాదు. అతుకు వద్ద నల్లని మసిచారలు, ఈలవంటి కూత, లాగుడు తగ్గుట, నల్లపొగ ఇతర గుర్తులు. చక్రమును త్రిప్పవలసిన పొగ దారిలోనే తప్పించుకొనుటచే గాలి చాలదు, డీజిల్ సరిగ కాలదు.

డ్రైవరు తలనొప్పి మాటను మేము తేలికగ తీసికొనుట తప్పు. కారిన పొగ బానెట్టు క్రింద నుండి కారు లోపలికి చేరవచ్చును. అందు రంగు గాని వాసన గాని లేని కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. అది డీజిల్ పొగలో కంటె పెట్రోలు పొగలో మిక్కుటము. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట దాని తొలి లక్షణములు. అద్దములు మూసి గర్భిణిని, పసిబిడ్డను తీసికొనిపోవు కారులో ఇట్టి అతుకును ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. వేడిపొగ తగిలి దగ్గరి తీగలు, రబ్బరు గొట్టములు కాలుట మరియొక ప్రమాదము.

పరీక్ష చల్లారిన ఇంజనుపైననే చేయవలెను. ఇంజను ఆపియుంచి, సైలెన్సరు గొట్టపు చివర నుండి స్వల్పమైన ఒత్తిడితో గాలి పంపుచు, అతుకుపై సబ్బునీరు చల్లినచో కారుచోట బుడగలు లేచును. నడచుచున్న ఇంజను వద్ద చేతితో తడవిచూచుట మాత్రము కూడదు.

ఇక మరమ్మతు. నట్లకు తుప్పు వదల్చు నూనె ముందురోజే పూసి నాననీయవలెను. తొందరపడి తిప్పినచో మంచి స్టడ్లు కూడ విరుగును. విరిగిన స్టడ్డు మొదలుపై ఒక నట్టును వెల్డు చేసి, ఆ వేడి తగ్గక మునుపు మెల్లగ తిప్పి తీయుట అనుభవజ్ఞుల పద్ధతి. ఆ సమయమున టర్బో నోటిని గుడ్డతో మూసియుంచవలెను. ఒక్క ఇనుపరజను లోనపడినను, లక్ష చుట్లు తిరుగు చక్రమునకు అది తుపాకిగుండు వంటిది. పిదప పాత గాస్కెట్ ముక్కలను గీకి, రెండు అంచులపైన ఉక్కుబద్ద నిలిపి, క్రింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూడవలెను. మానిఫోల్డ్ అంచును మాత్రము చూచి టర్బో అంచును వదలువారు కలరు, రెండును చూడవలసినదే. పదోవంతు మిల్లీమీటరు మందపు రేకు దూరినచో సాధారణముగ ఆ అంచును యంత్రముపై సానపట్టింపవలెను. కంపెనీ పుస్తకమున వేరు అంకె యున్నచో అదే ప్రమాణము. మానిఫోల్డ్ పగిలియున్నచో, పోత ఇనుమును వెల్డు చేయుటకు ముందుగ వేడిచేసి, తరువాత నెమ్మదిగ చల్లార్చు నేర్పు కావలెను. అది లేనిచోట క్రొత్తది కొనుటయే చౌక.

గాస్కెట్ ఎల్లప్పుడు క్రొత్తదే. స్టడ్లు, నట్లు వేడికి తాళునవి కావలెను. బజారులో దొరకు మామూలు బోల్టు ఆ వేడికి పట్టు విడుచును. నట్లను ఒక్కసారిగ గాక రెండు మూడు విడతలుగ, ఎదురెదురుగ, టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బిగింపవలెను. ఆధారపు పట్టీ మరువరాదు.

పేస్టు మాట అడుగువారు తప్పక ఉందురు. ఇంజనులకు వాడు మామూలు సిలికాన్ పూత 300 డిగ్రీలకు కొంచెము మించి తాళును. ఇచట వేడి దానికి రెట్టింపు. అది కాలి ఊడిపోవుటయే గాక, లోనికి ఉబికిన ముక్కలు టర్బో చక్రముపై పడును. సైలెన్సరు పేస్టు వేడికి తాళవచ్చును గాని, వంగిన అంచును చదును చేయలేదు, విరిగిన స్టడ్డును అతుకలేదు. మూడు బిల్లుల డబ్బు మేము పోగొట్టుకొన్నది ఇందుకే.

బిగించిన పిదప వెంటనే స్టార్టు చేయరాదు. టర్బోకు నూనె వచ్చు రంధ్రమున శుభ్రమైన ఇంజను ఆయిల్ పోసి, నూనె గొట్టపు వాషర్లు క్రొత్తవి వేసి, స్టార్టు చేసిన తరువాత కొన్ని నిమిషములు నెమ్మదిగ నడువనీయవలెను. మా మేస్త్రీ అట్లే చేసి, మొదటి ప్రయాణము ముగిసి ఇంజను చల్లారిన తరువాత అతుకును దీపము వేసి చూచి, బిల్లుపై ‘స్టడ్లు 4, గాస్కెట్ 1, రెండు అంచులు సానపట్టుట’ అని విడివిడిగ వ్రాసియిచ్చెను. మునుపటి మూడు బిల్లులపై నున్నది ‘టర్బో రిపేరు’ అను రెండు మాటలే.