ఊ కొట్టని వాళ్ల కోసం

మా అప్ప మనవరాలు కాశీబుగ్గలో డిగ్రీ చదువుతోంది. కథలు కూడా రాస్తోంది. మొన్న సంక్రాంతికి వచ్చి, "తాతా, నలభై ఏళ్లు రాసేవు గదా, నీ కథలు ఎంతమంది చదివుంటారు?" అంది. చెప్పలేకపోయాను. మా మావయ్యయితే ఇట్టే చెప్పేసేవాడు. ఆయన జముకుల కథ చెప్పేవాడు, ఎదుట కూర్చున్న తలలు లెక్కపెట్టుకుంటే సరిపోయేది. ఆ గుంట అడిగినదానికి ఇది జవాబు కాదు గానీ, నాకు తెలిసివచ్చిన నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. బడిపంతులుగా చేసినవాణ్ని, అంకెలు వెయ్యకపోతే చెయ్యి ఆడదు.

1. జనం ఊ కొడతారు, చదివేవాడు కొట్టడు.

నాకు పదేళ్లప్పటి మాట. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అమ్మవారి సంబరమంటే రాత్రంతా కథే. కొబ్బరితోట పక్కన ఖాళీ జాగా చూసి, కొయ్యకి పెట్రోమాక్స్ దీపం వేలాడగట్టేవారు. మావయ్య కాళ్లకి గజ్జెలు, వెనక ఇద్దరు వంతలు. ఒక వంత చంకలో జముకు. అంటే ఒక పక్క తోలు మూసిన డొల్ల. తోలు నడిమధ్యన కట్టిన తీగని లాగిపట్టి మీటితే గుమ్మంటుంది. దూరం నుంచి వింటే ఎవరో పెద్ద కడవలో తల దూర్చి మాట్లాడుతున్నట్టుంటుంది.

కథ చెప్తున్నంతసేపూ మావయ్య కళ్లు జనం మీదే. అర్ధరాత్రి దాటాక ఆడవాళ్ల వరసలో ఒక్క తల వాలిందంటే చాలు, అసిరమ్మ కథ అక్కడే ఆపి, ఆ ఊరి కరణంగారి చిల్లుల గొడుగు మీద ఒక విసురు విసిరేవాడు. నవ్వులు. వాలిన తల లేచేది. గజ్జె ఘల్లుమనిపించి మళ్లీ కథలో పడేవాడు. ఆ గొడుగు ముచ్చట ఏ కథలోనూ లేదు. ఆ రాత్రికి, ఆ ఊరికి పుట్టిందంతే. తెల్లారి ఇంటికి నడిచొస్తూ అడిగితే, "ఊ ఇనపడకపోతే కత సచ్చిపోద్ది రా" అన్నాడు.

నా మొదటి కథ అచ్చయిన వారం టెక్కలి బస్టాండులో పత్రిక కొన్నాను. ఎదుటి బెంచీ మీద ఒకాయన చేతిలోనూ అదే పత్రిక. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నా పేజీ దాకా వచ్చాడు. రెండు పేరాలు చదివాడు కాబోలు, ఆగాడు, పేజీ తిప్పేశాడు. పాతపట్నం బస్సొస్తే పత్రిక బెంచీ మీద వదిలేసి ఎక్కిపోయాడు. వెనకనుంచి పరిగెత్తి కరణంగారి గొడుగు గురించి చెప్పలేను గదా. ఇంటికెళ్లి ఆ రెండు పేరాలూ చూసుకున్నాను. సముద్రం, సాయంత్రం, మబ్బులు. కథ మూడో పేరాలో మొదలైంది. తల వాలడం కళ్లారా చూసింది ఆ ఒక్కరోజే. మిగతా నలభై ఏళ్లలో ఎన్ని బస్సులెక్కి ఎంతమంది వెళ్లిపోయారో.

అప్పటినుంచి రాసిందాన్ని మావయ్యలా చదువుతాను. ఎక్కడ తల వాలుతుందో ముందే పసిగట్టాలి, ఎందుకంటే వాలాక చేసేదేమీ లేదు.

2. ఎవరి చెవిన పడాలో తేల్చుకున్నాకే కలం పట్టాలి.

బొడ్డపాడు మా పలాస పక్కనే. అక్కడ గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి కవి. తను చెప్పదలుచుకున్నది అక్షరం రాని కూలివాళ్లకీ గిరిజనులకీ గనక, మావయ్యలాంటి వాళ్ల చేతుల్లో ఉన్న జముకుల కథనే పట్టుకున్నాడు. 1969 డిసెంబరులో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆయన పట్టిన నక్సలైటు దారి మంచిదా కాదా అన్న తగువు మా వైపు ఇంటింటా ఉంది, దాన్ని ఇక్కడికి లాగను. నేను పట్టుకున్నది ఒక్కటే. జనం అమ్మవారి కథ వినడానికి అలవాటుపడ్డ ఆ వరసలోనే, ఆ గజ్జెలతోనే కొత్త మాట చెప్పాడు. వినేవాడికి తెలిసిన గుమ్మంలోంచే లోపలికొచ్చాడు.

మన రాతకీ అలాంటి గుమ్మం ఒకటుండాలి. 1863లో మా జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడింది ఆ గుమ్మం కోసమే అనుకుంటాను. నేను మాత్రం మొదటి పదేళ్లు "పిక్క" అని నోటితో అంటూ, "గింజ" అని కాగితం మీద రాశాను. ఆ సంగతి చివర్లో వస్తుంది.

3. ఆటకి రాసింది ఆట అయ్యాక మళ్లీ రాయాలి.

ఇది నాది కాదు, గురజాడది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడారు. 1897లో అచ్చయింది. జనం మెచ్చిన నాటకం, అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. 1909లో వచ్చిన కూర్పు దాదాపు వేరే నాటకం. ఎంత పెరిగిందంటే, మొత్తం ఆడాలంటే గంటలకొద్దీ పడుతుంది. మొదటిది సభ కోసం, రెండోది ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదువుకునేవాడి కోసం అని నా లెక్క. పండితులు ఒప్పుకోరేమో గానీ, గిరీశం మాటలు ఎన్నిసార్లు చదివినా అరగవంటే ఆ ఒంటరివాణ్ని తలుచుకుని రాయడం వల్లే.

4. గొంతును నమ్మకూడదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస మూడూ పోయాయి. నెల తిరక్కుండా ఒక వ్యాసం రాసి, ఒక సభలో చదివాను. "తాత నాటిన చెట్టు మనవడి ఎదుట కూలింది" అన్నచోట నా గొంతు నిజంగానే పూడుకుపోయింది. అర నిమిషం ఆగాను. చప్పట్లు. కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు. అదే వ్యాసం అచ్చయ్యాక మా పక్క తోటాయన చదివి, "ఆవేళ బాగుంది మేస్టారూ. ఇప్పుడు సదివితే ఏటో చప్పగా ఉంది" అన్నాడు. ఒళ్లు మండింది. నాలుగు రోజులయ్యాక చదివితే నాకూ చప్పగానే ఉంది. ఆ అర నిమిషం అచ్చులోకి రాలేదు మరి. చప్పట్లు కొట్టించింది వాక్యం కాదు, డగ్గుత్తిక.

ఆ తోటాయనే, చెట్టు కూలితే నయమనీ, మొవ్వు మెలితిరిగి నిలబడ్డ చెట్టే గుండె కోస్తుందనీ, దాన్ని కొట్టాలో ఉంచాలో తేలక రోజూ దానికిందే తిరగాలనీ చెప్పాడు. ఆ మాట నా వ్యాసంలో ఎక్కడా లేదు.

5. ఉత్తరాలకి జవాబు రాయాలి. తిట్టినవాటికి ముందు.

6. మనవాళ్ల చేత వేషం కట్టించకూడదు.

ఇది రాయడానికి చెయ్యి రావడంలేదు. ఆ గుంట అడిగింది గనక రాస్తున్నాను, ఇది వాళ్ల నాయనమ్మ కథ.

బయటివాళ్లకి ఉద్దానమంటే కిడ్నీ జబ్బు. ఒక పత్రిక ప్రత్యేక సంచికకి "కన్నీళ్లు పెట్టించే కథ" కావాలని అడిగింది. రాశాను. మా అప్పే కథానాయిక. అప్పటికి మా దగ్గర్లో డయాలిసిస్ లేదు. వారానికి రెండుసార్లు తెల్లవారుజాము బండెక్కి విశాఖ వెళ్లొచ్చేది. నా కథలో ఆమె కిటికీ ఊచలకి తల ఆనించి పలాస నుంచి విశాఖ దాకా ఏడుస్తూనే ఉంటుంది. మంచి పేరొచ్చింది.

అప్పకి చదివి వినిపించాను. ఊ కొట్టలేదు. అయిపోయాక చిన్న స్టీలు చెంబు తీసుకుంది. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు చెప్పిన కొలతకి దాని లోపల మేకుతో ముందే గీత గీసుకుని ఉంది. మధ్యాహ్నానికి ఆ గీత కింద ఎంత మిగిలిందో ఒంచి చూసుకుని, ఒక్క గుక్క తాగి అంది:

"ఒరే తమ్ముడా, ఇదంతా నానేనా?"

"నువ్వే."

"నాను రైల్లో ఎప్పుడేడిసేన్రా? మా పెట్టెలో ఎనిమిదిమందిమి ఎల్తాం. సోంపేటాయన పేకముక్కలు తెత్తాడు. కంచిలావిడ నేని ఆస్తిని రోజుకో రకంగా కొడుకులికి పంచేత్తాది. నవ్వలేక సస్తాం. అదెందుకు రాయనేదు?"

నేను మాట్లాడలేదు.

"నా ఏడుపు అమ్మీసేవు" అంది. కోపంగా కూడా అనలేదు. చెంబు మీద మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మా జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అప్పటికి అప్ప లేదు. నన్ను వదలనిది ఆ చెంబులో గీత. కళ్లెదుట అది ఉండగా కిటికీ ఊచలు ఎక్కణ్నుంచి తెచ్చాను? సినిమాల్లోంచి. దూరాన ఉన్న చదువరి ఏం చూడాలనుకుంటాడో ఊహించుకుని, సొంత అప్పకి రంగు పూసి నిలబెట్టాను. మావయ్య కరణం మీద విసిరితే కరణం అక్కడే కూర్చుని ఉండేవాడు, తేడా వస్తే మర్నాడు నిలదీసేవాడు. కాగితం మీద ఆ భయం ఉండదు. అందుకే ఇప్పుడు ఎవరి గురించి రాస్తే వాళ్లకి ముందు చదివి వినిపిస్తాను. రెండు కథలు అలా చించేశాను కూడా.

7. వన్స్ మోర్ అంటే నిజంగానే మళ్లీ పాడకూడదు.

పద్యనాటకాల్లో అది చెల్లుతుంది. మా ఉత్తరాంధ్ర కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తి పద్యం ఎన్నిసార్లు విన్నా జనానికి తనివి తీరేది కాదు. ఆయన రాగం కన్నా మాటకి పెద్దపీట వేసేవాడు గనక చెల్లింది. రాసేవాడు అదే పని చేస్తే, మెప్పుపొందిన కథకే చొక్కా మార్చి పంపుతాడు. కిడ్నీ కథ తర్వాత నన్ను మరో మూడు కిడ్నీ కథలు అడిగారు. ఒకటి రాశాను కూడా, ఒప్పుకోవాలి.

కథకుడు కారా మాస్టారు ఈ విషయంలో మొండివారు. ఆయన కథ 'యజ్ఞం' మీద, ముఖ్యంగా సీతారాముడు కన్నకొడుకుని నరికేసే ఆ ముగింపు మీద, ఏళ్లతరబడి వాదులాడుకున్నారు. ఆయన దాన్ని దిద్దలేదు, అలాంటివే నాలుగు రాయనూ లేదు. రాయడం తగ్గించి ఇతరుల కథలు పోగుచేశారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అక్కడ బీరువాల మధ్య నిలబడితే, చప్పట్లు ఎరగని కథలు ఎన్ని ఉన్నాయో అనిపిస్తుంది.

8. జవాబు వస్తుంది, మనం అడిగినప్పుడు కాదు.

పోయిన నెల మనవరాలితో ఒక ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. పాత వారపత్రికల బైండులో నా కథ ఒకటి కనిపించింది, పలాసలో జీడిపప్పు బట్టీకి వెళ్లే ఆడకూలీ మీద రాసింది. ఎవరో పెన్సిలుతో దిద్దారు. "జీడి గింజ" అని ఉన్న ప్రతిచోటా గింజ కొట్టేసి "పిక్క" అని రాశారు. ఆమె ఇంటికొచ్చి చేతులు సబ్బుతో తోముకుని తెల్లగా చేసుకుందని నేను రాసినచోట, పక్కన, కుదురైన అక్షరాల్లో: "సబ్బుకి పోదు."

పోదు. పిక్క కొట్టే చేతులకి అంటిన జీడి నలుపు, చర్మం ఊడితేనే పోయేది. బట్టీల పక్కనే పెరిగి ఆ మాత్రం చూడలేదు నేను.

"ఎవరు తాతా ఇది?" అంది గుంట.

"తెలీదమ్మీ."

ఇంకా ఎక్కడైనా ఏమైనా రాశారేమోనని ఇద్దరం చివరిదాకా తిరగేశాం. కథ అయిపోయినచోట అడుగున, అదే పెన్సిలుతో, ఒక తారీఖు వేసుంది. కథ అచ్చయిన ఇరవై రెండేళ్ల తర్వాతది.