తల్లిని బతికించు

చి. మేనకోడలికి,

నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ చదివాను. పన్నెండేళ్ళ పిల్ల, మూతబడ్డ రైసుమిల్లు, మాయమైన లెక్కల పుస్తకం. కథ బాగానే పరిగెడుతోంది. పిల్లను మాత్రం నువ్వే చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నావు.

ఆ పిల్లకు అడ్డు చెప్పేవాళ్ళు ఉండకూడదని తల్లిని చంపేశావు, తండ్రిని దుబాయ్ పంపేశావు. ఇది పాత కిటుకే. 1930లో మొదలైన డిటెక్టివ్ పుస్తకాల్లోని నాన్సీ డ్రూకీ తల్లి లేదు. తండ్రి లాయరు, కూతురు ఏం చేసినా సరేనంటాడు, పైగా ఆమెకు సొంత కారు. ఆనాటి అమెరికా ఆడపిల్లలు ఎగబడి చదివారంటే చదవరూ మరి! కవరు మీద కెరొలిన్ కీన్ అని ఉంటుంది గానీ అలాంటి మనిషే లేదు. తొలి 30 పుస్తకాల్లో 23 రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్. మొదట్లో పుస్తకానికి 125 డాలర్లిచ్చి హక్కులు రాయించేసుకున్నారు. 1980లో ఒక దావాలో సాక్ష్యం చెప్పాకే ఆమె పేరు బయటికి రావడం మొదలైంది. (పబ్లిషరు కాగితాల మీద సంతకం పెట్టేముందు నాకోసారి చూపించు.)

నీకు నాన్సీ కంటే ఎనోలా హోమ్స్ ఎక్కువ పనికొస్తుంది. నాన్సీ స్ప్రింగర్ 2006లో మొదలుపెట్టిన సిరీస్. ఎనోలా షెర్లాక్ హోమ్స్ చెల్లెలు, పద్నాలుగేళ్ళది. ఊపిరాడనివ్వని ఆ కాలపు ఆడవాళ్ళ బట్టల్లోనే డబ్బూ సరంజామా దాచుకుని లండన్‌లో తిరుగుతుంది. పువ్వుల్లో దాగిన సంకేతాలు చదువుతుంది. అవి ఆడవాళ్ళ వ్యవహారాలని అన్నగారు పట్టించుకోడు, అక్కడే ఓడిపోతాడు. కట్టేసిన తాడే ఆమె చేతిలో పనిముట్టయింది చూశావా?

కాబట్టి ముందు తల్లిని బతికించు. ఆరింటికల్లా ఇంట్లో ఉండాలనే తల్లి, “ఎక్కడికే?” అని అడిగే నానమ్మ, తోక పట్టుకు తిరిగే తమ్ముడు, అందరూ ఉండనీ. తెల్లారగట్ల ముగ్గు వేసే పిల్లకు వీధిలో ఎవరు ఎప్పుడు బయల్దేరారో తెలుస్తుంది. పిండిమర దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ పిల్లను ఎవరూ లెక్కచెయ్యరు, ఆమె ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు. నీ రైసుమిల్లు గుట్టు అక్కడ బయటపడొచ్చు కదా. గోడలు దూకించకపోయినా పర్వాలేదు.

ఇంకో రెండు దిద్దుబాట్లు. మూడో అధ్యాయంలో ఎస్సై మామయ్య వచ్చి మిల్లు తాళం తీయిస్తాడే, ఆయన్ని తీసెయ్. తాళం సంగతి ఆ పిల్లే చూసుకోవాలి. నాలుగో దాంట్లో ఆమె కాగితం మీదేదో చూసి “అర్థమైంది!” అనుకుంటుంది, ఏం చూసిందో మాకు చెప్పవు. చదివే పిల్లలు నిన్ను క్షమించరు. ఆమెకు కనబడిందల్లా వాళ్ళకూ కనబడాలి, ఆ తర్వాత ఎవరు ముందు పట్టుకుంటారో వాళ్ళిష్టం.

దసరా సెలవుల్లోపు ఆ రెండు అధ్యాయాలూ మళ్ళీ రాసి పంపు. మీ నాన్నకు చూపించకు, అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చుంటాడు.

మీ అత్త