పదిహేనడుగుల నడక

గుండె జబ్బుల మీద పని చేద్దామని చేరితే ముసలివాళ్ల నడకకి టైము కట్టిస్తున్నారేమిటని విసుక్కున్నావు కదూ, బుజ్జీ! ఈసీజీ ఒక్కటే గుండె సంగతి చెబుతుందనుకుంటే ఎలాగమ్మా?

ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనం కథ నీకు మళ్లీ చెప్పక్కర్లేదు. 1948లో అక్కడ చేర్చుకున్నది 30 నుంచి 62 ఏళ్ల వాళ్లని. మరి 65 దాటినవాళ్ల మాట? అందుకోసమే 1989లో అమెరికాలో కార్డియోవాస్క్యులర్ హెల్త్ స్టడీ మొదలైంది. పిట్స్‌బర్గ్‌, శాక్రమెంటో వగైరా నాలుగు ప్రాంతాల్లో మొత్తం 5,888 మంది. మెడ రక్తనాళాల అల్ట్రాసౌండ్‌తో పాటు చేతి పట్టు, పదిహేనడుగుల నడకా కొలిచారు. ఆ లెక్కల్లోంచే 2001లో లిండా ఫ్రీడ్ బృందం వృద్ధుల బలహీనతకి ఐదు గుర్తులు తేల్చింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, నీరసం, పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. వీటిలో మూడైనా ఉన్నవాళ్లే తర్వాతి మూడేళ్లలో ఎక్కువగా కిందపడ్డారు, ఆసుపత్రి పాలయ్యారు, పోయారు కూడా. గుండె జబ్బున్నవాళ్లలో ఈ బలహీనత మరీ ఎక్కువ.

కాబట్టి నీ స్టాప్‌వాచ్‌ని చులకన చెయ్యకు.

నాకు అసలు కోపం వచ్చింది దానికి కాదు. నీ ఉత్తరం చివర 'పరీక్షకి రానివాళ్ల పేర్లు కొట్టేశాను' అని ఓ ముక్క రాశావే, దానికి. మీ పెద్దమ్మా ఒకప్పుడు ఇదే నిర్వాకం చేసింది. ఓ పల్లెలో రామాలయం అరుగు మీద బీపీ క్యాంపు పెట్టింది. వచ్చిన ముసలివాళ్లంతా దిట్టంగా ఉన్నారు. ఆ ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం భేష్ అని మధ్యాహ్నానికల్లా రిపోర్టు రాసేసింది. సాయంత్రం మంచినీళ్లకని ఓ ఇంటికి వెళితే, పక్షవాతంతో మంచాన ఉన్న ముసలాయన "అరుగు దాకా నన్నెవరు మోసుకొస్తారమ్మా?" అన్నాడు. ఆ వీధిలోనే అలాంటివాళ్లు ఇంకో ముగ్గురు తేలారు. రిపోర్టు చించేసి, మర్నాడు ఇల్లిల్లూ తిరిగింది.

ఆ అమెరికా వాళ్లూ ఇంట్లో చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్లని మొదట్లోనే పక్కన పెట్టారు. వాళ్ల ఫలితాలు చదివేటప్పుడు అది గుర్తుంచుకో. చేర్చుకున్నవాళ్లని మాత్రం వదల్లేదు. ఏటా పరీక్షలు, మధ్యలో ఫోన్లు. 1999లో ఆ పరీక్షలు ఆగాక కూడా ఫోన్లు ఆగలేదు.

కొట్టేసిన పేర్లు మళ్లీ ఎక్కించు. ఊరెళ్లారా, మంచాన పడ్డారా, పోయారా, పక్కనే రాయి. కనుక్కోడానికి వెళ్లేది మాత్రం అన్నాల వేళ కాకుండా చూసుకో.

అన్నట్టు, రాత్రిళ్లు తిండి మానేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. బరువు తగ్గినా నిన్ను ఆ లెక్కలో కలపరులే, వయసు చాలదు!